ముద్ర వేసిన చెయ్యి

మా ఆయన గంగాధరప్ప చీరను చూసి మోసపోయే మనిషి కాదు. ధర్మవరంలో పుట్టి, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పెరిగినవాడు. జరీ పోగును రెండు వేళ్ల మధ్య నలిపి, అసలుదో నకిలీదో చెప్పేస్తాడు. అలాంటి మనిషిని గోడకు తగిలించిన ఒక గుండ్రటి ముద్ర బోల్తా కొట్టించింది. అదీ సొంత చెల్లెలి బతుకు విషయంలో. అందుకే నేను ఈ సంగతి ఎత్తుకుంటే చాలు, ఆయన కండువా దులుపుకుని బయటికి వెళ్లిపోతాడు. వెళ్లనీ. నేను చెప్పాల్సింది చెబుతాను.

ఆ చెల్లెలి పేరు రామాంజినమ్మ. ఇంట్లో అందరికీ రామాంజిని. నేను కాపురానికి వచ్చేనాటికి గౌను వేసుకుని వీధిలో ఆడుకునే పిల్ల. నూనె రాసి, తల దువ్వి, జడలు వేసి పెంచింది నేనే కాబట్టి వరసకు ఆడబిడ్డ అయినా నాకు కూతురి కిందే లెక్క. కంబదూరులో బట్టల అంగడి ఉన్న కుటుంబంలో ఇచ్చాం. పెళ్లయిన కొన్నాళ్లకే ఆ పిల్ల మొగుడు విషజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. అక్కడ ఆ పిల్లకు చేయడానికి పని, వినడానికి మాటలు తప్ప ఇంకేమీ మిగల్లేదని తెలిసి, మా ఆయనే వెళ్లి పిలుచుకొచ్చాడు.

రామాంజినికి పెళ్లికి ముందే చేతిలో ఒక పని ఉండేది. పూలజడ కుట్టడం. అరటి పట్ట మీద మల్లెమొగ్గలు, కనకాంబరాలు, మరువం వరసలుగా పేర్చి, అన్న మగ్గం మీద తీసే బుటాలనే పూలతో తీసేది. ఆ పిల్ల కుట్టిన జడ వేసుకుంటే పెళ్లికూతురు వెనక్కి తిరిగి కూర్చుంటేనే బాగుంటుందని మా వీధిలో వేళాకోళం చేసేవారు.

మొగుడు పోయాక ఆ పని చేయకూడదన్నారు. పెళ్లికూతురిని ముత్తైదువలే ముట్టుకోవాలట. ఎవరూ మొహం మీద అనలేదు. పిలవడం మానేశారు, అంతే. కానీ జడలు మాత్రం కావాలి! అందుకని ఒక పద్ధతి దానంతట అదే ఏర్పడింది. రామాంజిని మా వెనకగదిలో కూర్చుని జడ కుట్టేది. నేను దాన్ని తడిబట్టలో చుట్టి పెళ్లింటికి తీసుకెళ్లి పెళ్లికూతురికి కట్టేదాన్ని. కుట్టింది ఎవరో ఊరందరికీ తెలుసు. నా చేతి మీదుగా వచ్చింది కాబట్టి దోషం లేదని వాళ్ల లెక్క. ఏం లెక్కలో ఏమో, నాకు ఒళ్లు మండేది. కానీ జడ కుడుతున్నంతసేపూ ఆ పిల్ల మొహం వెలుగుతూ ఉండేది. అది చూసి నోరు మూసుకునేదాన్ని.

అలా ఉండగా, వానలు మొహం చాటేసిన ఒక ఏడు, ఎనభై మూడో ఎనభై నాలుగో, అనంతపురంలో ఆడవాళ్లకు పనులు నేర్పే సర్కారు కేంద్రం ఒకటి తెరుస్తున్నారని కబురు తెలిసింది. కుట్టుపని, టైపుతో పాటు బ్యూటీషియన్ పని కూడా నేర్పుతారట. దానికి ఒక టీచరమ్మ కావాలట. అయితే గుర్తింపు ఉన్న సంస్థలో చదివి పాసైన వాళ్లనే తీసుకుంటారట. బ్యూటీషియన్ అన్న మాట అప్పటికి ధర్మవరంలో కొత్త. సినిమావాళ్లకు రంగులు పూసే పని కాబోలు అనుకున్నాం.

రామాంజిని మాత్రం వారం రోజులు ఆ మాటే పట్టుకుంది.

"వదినా, ఆడ నేర్చుకొనే పిల్లోళ్లు ఉంటారు. నన్ను టీచరనే పిలుస్తారు. వాళ్ల తల దువ్వితే, జడేస్తే, ముట్టుకోవద్దు అని ఎవురూ అనరు. ఆ సర్టిఫికెట్ ఒగటి నా చేతిలో పెట్టించండి చాలు. ఇంగ మిమ్మల్నేమీ అడగను," అంది.

"ఏమప్పా, విన్యావా?" అన్నాను మా ఆయనతో. ఆయన మగ్గం ఆపి, "రేపు అనంతపురం పోయి, ఆ పని నేర్పే బడి యాడుందో చూసొస్తా," అన్నాడు. చెల్లెలి మాటంటే ఆయనకు అంతే.

మర్నాడు అనంతపురం వెళ్లి, పొద్దుగూకేవేళకు ఉబ్బిపోతూ వచ్చాడు. బజారులో మేడ మీద పెద్ద బోర్డు ఉందట. అద్దాలు, తిరిగే కుర్చీలు, పింగాణీ తొట్టి, దానికి మెరిసే కొళాయి. నడిపేది ముత్యాలప్ప అనే ఆయన. అంతకుముందు ఫొటో స్టూడియో ఉండేదట. పాఠాలు చెప్పేది ఆయన భార్య. ఇవన్నీ చెప్పి, చివరిదాకా దాచుకున్న అసలు సంగతి అప్పుడు చెప్పాడు.

"గోడకు పటం కట్టించి పెట్టినారు. గవర్నమెంటు ముద్ర ఉండాది. ఇంతలావు, గుండ్రంగా. దాని కింద నెంబరు కూడా ఉండాది. నేను నా కండ్లతో చూసినా."

ఆయన అలా నమ్మడానికి కారణముంది. మా నేతగాళ్ల సొసైటీకి చీర ఇస్తే, పరీక్ష చేసే ఆయన చాప మీద దాన్ని నిలువునా పరుస్తాడు. భూతద్దం పెట్టి పోగులు చూస్తాడు. అంచు లాగి చూస్తాడు. వెలుతురుకు ఎత్తి చూస్తాడు. అంతా సరిపోయాకే చీర మూల మీద ముద్ర వేస్తాడు. ఏ కాస్త తేడా ఉన్నా మడిచి వెనక్కి ఇస్తాడు. నేతపని చేసేవాళ్ల బుర్రలో ముద్ర అంటే ఎవరో పరాయి మనిషి కళ్లు పెట్టి చూశాడని అర్థం. చూడకుండా కూడా ముద్ర పడుతుందని మాకు తోచనే తోచలేదు. ఎవరు వేశారని ఆయన అడగలేదు. నువ్వు అడిగావా అని నేనూ ఆయన్ను అడగలేదు.

రామాంజిని పొద్దున ప్యాసింజరుకు వెళ్లి సాయంత్రం వచ్చేది. మొదట్లో ఎంత హుషారో! దారంతో కనుబొమలు తీయడం, పౌడరు అద్దడం, పెదాలకు రంగు వేయడం. నేర్చుకున్నదల్లా నా మీద చూపించబోయేది. నేను దండం పెట్టి వంటింట్లోకి పారిపోయేదాన్ని. రానురాను హుషారు తగ్గింది.

"తల కడగడం ఇంకా చెప్పలేదా?" అని అడిగితే నవ్వింది.

"కొళాయిలో నీళ్లు రావు వదినా. కరువు గదా, వానలు పడినాక చెప్తాం అంటారు. ఆ పింగాణీ తొట్టిలో మేడం చేతిసంచి పెట్టుకుంటాది."

ఆ ఏడు అనంతపురంలో మంచినీళ్లకే బిందెలు కొట్టుకునేవారు. కాబట్టి నిజమే కాబోలు అనుకున్నాం. కోర్సు పూర్తయ్యేదాకా ఆ బడిలో ఒక్క తలా తడవలేదు. చివరికి పరీక్ష పెట్టారు. పాఠం చెప్పిన మేడమే ప్రశ్నలు అడిగింది, ఆవిడే మార్కులు వేసింది. అందరూ ఫస్టు క్లాసే. బంగారు రంగు అక్షరాలు, ఎర్ర రిబ్బను, కింద బడి గోడ మీది నెంబరు, గుండ్రటి ముద్ర. మా ఆయన ఆ సర్టిఫికెట్‌కు పటం కట్టించి, వచ్చినవాళ్లందరికీ చూపించాడు.

సర్కారు కేంద్రంవాళ్లు ఉద్యోగానికి పిలిచిన రోజున నేనే తోడు వెళ్లాను. కుర్చీలో కూర్చున్న ఆఫీసరు ఒక పెద్దావిడ. సర్టిఫికెట్‌ను ముందు చూసింది, వెనక్కి తిప్పి చూసింది. తర్వాత రామాంజిని మొహం చూసింది.

"ఇది చెల్లదమ్మా," అంది మెల్లగా. "ఇందులో ఉన్నది రిజిస్ట్రేషన్ నెంబరు. పదిమంది కలిసి ఒక సంఘం పెట్టుకుని ఆఫీసులో పేరు రాయించుకుంటే ఇస్తారు. యువజన సంఘానికీ ఇస్తారు, భజన మండలికీ ఇస్తారు. మీ పేరు మా పుస్తకంలో ఉంది అని మాత్రమే దానికి అర్థం. ఈ పని నేర్పడానికి, పరీక్ష పెట్టడానికి హైదరాబాదులోని సర్కారు బోర్డు ఇచ్చే గుర్తింపు వేరే. అది వీళ్లకు లేదు."

"అయితే నేను నేర్చుకొనింది లెక్కకు రాదా మేడం?" అంది రామాంజిని.

"నువ్వు నేర్చుకున్నావో లేదో బయటివాళ్లు ఒక్కరూ చూడలేదు కదమ్మా."

ఆవిడ మంచిదే. అర్హత ఉన్నవాళ్లు ఎవరూ దొరకలేదని, వచ్చే ఏడు మళ్లీ పిలుస్తామని చెప్పింది. బుక్కరాయసముద్రంలో ఎస్తేరమ్మ అనే ఆవిడ నడిపే చిన్న బడికి ఆ గుర్తింపు ఉందని కూడా చెప్పింది. కానీ ఆ పూట మా చెవుల్లోకి ఏదీ ఎక్కలేదు.

నేను ఊరుకుంటానా? నేరుగా మేడెక్కి ముత్యాలప్ప ముందు నిలబడ్డాను. అద్దాలు పగిలేలా అరిచాను. ఆయన మాత్రం పాన్ నములుతూ తాపీగా, "రిజిస్టర్డ్ అనే గదక్కా బోర్డులో రాసినాం? బోర్డువాళ్ల గుర్తింపు ఉండాదని మేం యాడ చెప్పినాం? మీరు అడిగినారా?" అన్నాడు.

"మరి సర్టిఫికెట్ మీద ముద్ర?"

"అది మా ఇన్‌స్టిట్యూట్ ముద్ర. మేం గాక ఇంగెవురేస్తారు?"

ఇంటికి వచ్చి చెబితే, మా ఆయన మగ్గంలోంచి పైకి వచ్చాడు. "అంటే మనం నేసిన చీరకు మనమే ముద్ర ఏసుకొన్నట్ల," అన్నాడు. గోడ మీది పటం తీసి అటక మీద పడేశాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు మగ్గంలో దిగి కూర్చున్నాడు గానీ పోగుల మధ్య నాడె ఆడించలేదు. ఆయన్ను అలా చూడటం నా వల్ల కాలేదు. ముందు రోజంతా తిట్టిపోద్దామనుకున్నదాన్ని, ఒక్క మాటా అనలేకపోయాను.

రామాంజినే వెళ్లి గుంత పక్కన కూర్చుంది.

"న్నా, మగ్గం ఆడించు. సప్పుడు లేకపోతే ఇల్లు మన ఇల్లు మాదిరి లేదు."

"నీ ఏడాది పాడు చేసినా గదే."

"ఇంగో ఏడాది ఉండాది. ఈసారి అందరం పోదాం. చీరను చూసినట్ల చూడు."

అలా ముగ్గురం బుక్కరాయసముద్రం వెళ్లాం. చెరువు కట్ట దగ్గర పాత మిద్దె. చెరువులో నీళ్లు లేవు, గొడ్లు మేస్తున్నాయి. తలుపు మీద చెయ్యంత రేకుముక్క తప్ప బోర్డు లేదు. లోపల చెక్కకుర్చీలు, రెండు అద్దాలు, ఒక మూల సిమెంటు తొట్టి, దాని పక్కన వరసగా బిందెలు. ఎస్తేరమ్మ లావుపాటి కళ్లద్దాల మనిషి. మాట పెళుసు. మమ్మల్ని చూసి సంతోషించినట్టు కూడా కనపడలేదు.

మా ఆయనకు అప్పటికి ముద్ర అంటేనే మంట. గోడ మీది కాగితం చూపించి, నిలబడే అడగడం మొదలుపెట్టాడు.

"దీనికి ముద్ర ఎవురేసినారు?"

"హైదరాబాద్ బోర్డు."

"ఏమి చూసి ఏసినారు?"

"చెప్పకుండా వచ్చినారు. కుర్చీలు చూసినారు, నీళ్లు చూసినారు. నేను యాడ నేర్చుకొన్నానని అడిగినారు. నేను పాఠం చెప్తాంటే వెనక కూర్చొని విన్నారు. ఇప్పుడు కూడా ఏడాదికొగసారి వస్తారు."

"పరీక్ష ఎవురు పెడతారు? మీరేనా?"

"పాఠం చెప్పినోళ్లు పరీక్ష పెట్టకూడదు. బయటనుంచి మనిషిని పంపుతారు. ఆ పొద్దు నేను ఈ గదిలో ఉండను కూడా ఉండను."

మా ఆయన మొహంలో మొదటిసారి కాస్త కళ వచ్చింది. "నేసినోడు ముద్ర ఏయకూడదన్నమాట," అన్నాడు. ఎస్తేరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"చూడప్పా, గుర్తింపు ఉందని నేను గొప్పదాన్ని కాను. ఇది లేని చోట బాగా చెప్పేవాళ్లూ ఉంటారు, ఇది ఉన్న చోట నిద్రపోయేవాళ్లూ ఉంటారు. నేను సరిగ్గా చెప్పకపోతే మీరు యాడికి పోయి అడగల్లనో మీకు తెలుస్తాది. నన్ను నిలదీసేవాళ్లు ఒగరుంటారు. దాని అర్థం అంతే. నా మాట నమ్మొద్దు. పోయినేడు పాసైన పిల్ల గార్లదిన్నెలో ఉండాది. పోయి అడుగు."

వేరేవాళ్లయితే నవ్వి ఊరుకునేవారు. మా ఆయన ఆ మధ్యాహ్నమే గార్లదిన్నె బస్సెక్కాడు! ఆ పిల్లను, ఆ పిల్ల అత్తను, పక్కింటివాళ్లను కూడా అడిగి వచ్చాడు. ఆ తర్వాతే చేర్పించాడు.

అక్కడ చదువు ఉత్త చదువు కాదు. వీధి చివరి బోరింగు దగ్గర వరసలో నిలబడి, ఎవరి బిందె వాళ్లు తెచ్చుకుంటేనే ఆ పూట పాఠం. ఒక చెంబు నీళ్లతో తల తడిపి, రెండు చెంబులతో కుంకుడు నురగ పోయేలా కడగడం నేర్పింది ఎస్తేరమ్మ. దువ్వెనలు మరగబెట్టకపోతే మొట్టికాయలు. రామాంజిని చేతులు కాయలు కాశాయి. ఇంటికి వచ్చి మొదటి బడిని తలుచుకుని, "ఆడ ఫస్టు క్లాసు, ఈడ దినామూ తిట్లు," అని నవ్వేది. ఆ నవ్వు చూసి మా ఆయన నాడె జోరుగా ఆడేది.

ఏడాది తిరిగి పరీక్ష దగ్గరికి వచ్చింది. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. చివరి పరీక్ష పెళ్లికూతురి ముస్తాబు. పూలజడ ఒక్కటి ముందే కుట్టి తెచ్చుకోవచ్చు గానీ, తల కడగడం దగ్గర్నుంచి నుదుట బొట్టు దాకా అంతా పరీక్ష పెట్టే మనిషి ముందే చేయాలి. ముస్తాబు చేయించుకునే మనిషిని ఎవరికి వాళ్లే తెచ్చుకోవాలి.

మిగతా పిల్లలు చెల్లెళ్లనో స్నేహితురాళ్లనో అనుకున్నారు. రామాంజిని చేతి కింద ఎవరు కూర్చుంటారు? ఆటకైనా సరే, మొగుడు పోయిన మనిషితో పెళ్లిబొట్టు పెట్టించుకునే కన్నెపిల్ల మా ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది? గడపగడపా తిరిగాను. రెండు వీధులవాళ్లు నన్ను చూసి తలుపులు దగ్గరికి వేశారు. చివరికి మా ఎదురింటి వెంకటలక్ష్మమ్మ కూతురు ఒప్పుకుంది. ఆ పిల్లకు ముస్తాబంటే సరదా. తల్లి సణిగింది గానీ సరేనంది.

పరీక్ష రోజు పొద్దున్నే స్టేషనుకు చేరాం. మా ఆయన సైకిలు మీద పూల బుట్ట, చీర మూట. వెంకటలక్ష్మమ్మ వచ్చింది, కూతురు లేకుండా.

"ఏమనుకోవద్దు నాగలక్ష్మక్కా. రాత్రంతా నిద్ర పట్టలేదు. పెండ్లి కావాల్సిన పిల్ల. రేపు ఏమన్నా అయితే నేనే గదా అనుభవించేది?" అని, రామాంజిని మొహం చూడకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

దూరంగా రైలు కూత వినిపించింది. రామాంజిని ఏడవలేదు. బుట్ట మీద తడిగుడ్డ సర్ది, "పూలు ఈశ్వరుని గుడిలో ఇచ్చేద్దాం వదినా. వాడిపోకముందే," అంది.

నేను బుట్ట మీద చెయ్యి వేసి ఆపాను. "ఎందుకీయల్ల? నేను కూర్చుంటా," అన్నాను.

అనేశాను గానీ, అన్న మరుక్షణం భయం పట్టుకుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఇన్నేళ్లు ఆ పిల్ల కుట్టిన జడలు మోశాను, నియమాలు పెట్టినవాళ్లను తిట్టాను. కానీ పండగ రోజు కూడా ఆ చేతితో నా నుదుట కుంకుమ పెట్టించుకోలేదు. పెట్టమని నేను అడగలేదు, పెడతానని తను అనలేదు. బొట్టు నాదే అయినా దానికి ముడిపెట్టిన ప్రాణం నాది కాదు. ఆ ప్రాణం సైకిలు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. నేను ఆయన వైపు చూశాను. ఆయనకు అర్థమైంది.

"నా మొహం ఏమి చూస్తావే? రైలొచ్చింది, ఎక్కు," అని బుట్ట అందించాడు. రైలు కదులుతుంటే కిటికీ పక్కన నాలుగడుగులు నడిచి, "నా ఆయుస్సుకు ఎవురు ముద్ర ఏసినారో వచ్చినాక అడుగుదాం," అన్నాడు.

పరీక్ష పెట్టడానికి వచ్చినావిడ కర్నూలు మనిషి. ఒక్కొక్కరి ముందూ ఆగుతూ వచ్చింది. అంతా పదహారు, పద్దెనిమిదేళ్ల పిల్లలు, పాలుగారే బుగ్గలు. వాళ్ల మధ్యలో నేను! ముందు పాపిట్లో నెరసిన వెంట్రుకలు, ఎండకు కమిలిన చెంపలు, పట్టుపోగులు కోసిన వేళ్లు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"పెళ్లికూతురు ఈవిడేనా?"

"మనిషిని తెచ్చుకొమ్మన్నారు మేడం. వయసు చెప్పలేదు," అంది రామాంజిని. పక్కపిల్లలు కిసుక్కున నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "కానివ్వు," అంది.

తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాను. ఒక చెంబు నీళ్లు. వేళ్లు మాడు మీద మెత్తగా కదిలాయి. ఎప్పుడో ఆ పిల్ల తల నేను రుద్దినప్పుడు కంట్లో కుంకుడు పడి కేకలు పెట్టేది. ఇప్పుడు నా కంట్లో ఒక్క చుక్క పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. తల ఆరబెట్టింది, మొహం దిద్దింది, కాటుక తీర్చింది, పట్టుచీర కుచ్చిళ్లు సర్దింది. చివరికి జడ. రాత్రి వెనకగదిలో కుట్టిన జడే. ఎన్నో జడలు మోసిన నా చేతులు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి. జడ నా వీపు మీద వాలింది. అంత బరువుంటుందని, అంత చల్లగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక బొట్టు మిగిలింది. కుంకుమ భరిణె తీసి, రామాంజిని ఆగిపోయింది. పరీక్షావిడ వెనకే నిలబడి ఉంది.

"వదినా," అంది గుసగుసగా, భరిణె నా వైపు చాపుతూ. "ఇది నువ్వే పెట్టుకో. మార్కులు పోతే పోనీ. నాకుండేది అన్న ఒగడే."

అప్పుడు అర్థమైంది, భయం నా ఒక్కదానిదే కాదని. ఊరి మాటను ఊరికంటే ఎక్కువ తనే మోస్తోంది. బతుకంతా కోరుకున్న పరీక్షను కూడా ఆ మాట కోసం వదులుకోవడానికి సిద్ధంగా ఉంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"కాటుక కారిపోతే మళ్లీ పెట్టల్ల, నన్ను ఏడిపించొద్దు," అన్నాను గట్టిగానే. "నీ చేత్తోనే పెట్టు. పెట్టే దాకా ఈ కుర్చీలోంచి లేయను."

వేలు కుంకుమలో అద్దింది. నా నుదుటికి ఆనించింది. మెల్లగా, గుండ్రంగా తిప్పింది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఏమీ కాలేదు. బయట బిందెల చప్పుడు, గొడ్ల అరుపులు, అంతే. పరీక్షావిడ ముందుకు వచ్చి, నా గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పింది. జడ ఎత్తి వెనకవైపు కుట్లు చూసింది. ఒక మొగ్గ లాగి చూసింది, ఊడలేదు. మా సొసైటీ ఆయన చీరను చూసినట్టే చూసింది. ఆ తర్వాత రామాంజినిని, "ఈ జడ ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది.

"ఇంట్లోనే మేడం."

"చాలా బాగుంది," అంది. పరాయి మనిషి ఒకరు ఆ మాట ఆ పిల్లకే, ఆ పిల్ల మొహం చూసి చెప్పడం అదే మొదలు.

అయిపోయాక ఎస్తేరమ్మ మొహం కడుక్కోమని నీళ్లిచ్చింది. వద్దన్నాను. ఆ మొహంతోనే, ఆ జడతోనే రైలెక్కాను. పెట్టెలోని జనం నోళ్లు తెరుచుకుని చూశారు. చూడనీ. ధర్మవరం స్టేషనులో మా ఆయన సైకిలు పట్టుకుని పొద్దుట నిలబడ్డ చోటే ఉన్నాడు.

"మన పెండ్లప్పుడు కూడా నువ్వు ఇట్ల లేవు గదే," అన్నాడు.

ఆయన ముందు, రామాంజిని వెనక, నేను మధ్యలో మా వీధిలోకి నడిచాం. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. ఆడవాళ్లు గడపల్లోకి వచ్చారు. వెంకటలక్ష్మమ్మ అరుగు మీది నుంచి లేచింది.

"ఏమక్కా ఇది! ఎవురు చేసినారు?"

ఇన్నేళ్లూ ఊరంతటికీ తెలిసి, ఊళ్లో ఎవరూ అననిది నేను వీధంతా వినపడేలా అన్నాను. "మా రామాంజిని. జడా తనే, బొట్టూ తనే."

వెంకటలక్ష్మమ్మ నా బొట్టు వైపు, తర్వాత మా ఆయన వైపు చూసింది. ఆయన నిక్షేపంలా సైకిలుకు స్టాండు వేస్తున్నాడు.

రామాంజిని పాసైంది. సర్టిఫికెట్ వస్తే మా ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి, ముద్రలో అక్షరాలు కూడబలుక్కుని చదివి, ఎవరు వేశారో తెలుసుకున్నాకే కింద పెట్టాడు. సర్కారు కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్లకు వెంకటలక్ష్మమ్మ కూతురి పెళ్లి కుదిరింది. పూలజడ తెచ్చి కట్టమని నన్ను అడగడానికి తల్లీకూతుళ్లు వచ్చారు.

"నాకు కుట్టను రాదు," అన్నాను. "వచ్చినామె లోపల ఉండాది. ఆమెనే పిలుచుకొని పో."

వెంకటలక్ష్మమ్మ గడప దాటలేదు. అప్పుడు ఆ పిల్లే, పెళ్లికూతురే, తల్లిని దాటుకుని లోపలికి వెళ్లి, "అక్కా, నాక్కూడా ఆ పొద్దు నాగలక్ష్మత్తకు చేసినట్లే చెయ్యల్ల," అంది.

ఆ పెళ్లికి నేను చేతులూపుకుంటూ వెళ్లాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ప్రతి శుక్రవారం తలంటుకుని, కుంకుమ భరిణె తీసుకుని రామాంజిని ముందు కూర్చుంటాను. తనే బొట్టు పెడుతుంది. మా ఆయన ఇప్పటికీ ఉన్నాడు, ఇందాక కండువా దులుపుకుని బయటికి వెళ్లింది ఆయనే.